మూతి మీద మసి

“అయ్యా, మీ మూతికి మసి పూసింది నేనే కదా” అంది ఫెన్నా.

ఇనపచువ్వల అవతల గడ్డి మీద కూర్చుని ఉంది. చలికి చేతులు చంకల్లో దోపుకుంది. అప్పుడు ఉదయం ఏడు గంటలు. మధ్యాహ్నం పన్నెండింటికి ఆమెను న్యాయపెద్దల ముందు నిలబెడతారు. దొంగతనం రుజువైతే నగర కచేరి ముందున్న తిన్నె మీద కొరడా దెబ్బలు, ఆ తరువాత ఊరి వెలి. రుజువుకి ఇద్దరు సాక్షులు చాలు. ఒకడు ఎవర్ట్. రెండోవాణ్ణి నేను, లాంబర్ట్‌ని. ఇద్దరం హార్లెం ఊరి కొత్వాలు కింద దర్యాప్తు చేసేవాళ్ళమే.

నేను వచ్చింది లాంఛనం కోసం. విచారణకి ముందు సాక్ష్యాన్ని ముద్దాయికి చదివి వినిపించాలి. వినిపించాను.

‘ముగ్గురు రాజుల పండగ సాయంత్రం, బీరు కాచే రైనియర్ గారింట్లో, తొమ్మిదింటి చిన్నగంటలు మొదలైనప్పుడు, పనిమనిషి ఫెన్నా ఒక్కతే వెనకగదిలోకి వెళ్ళడం కళ్ళారా చూశాను. బీరు సంఘంవారు తాగే వెండికట్టు కొమ్ము ఆ గది అలమరలోనే ఉంది.’ కింద నా సంతకం.

ఆమె ఏడవలేదు, ఒట్టు పెట్టలేదు. మసి మాట మాత్రం అంది.

“ఎప్పుడు పూశావు?” అన్నాను.

“తొమ్మిదింటికేనయ్యా. గంటలు మోగుతుంటేనే. రాజు మూడోసారి తాగాడు, అందరూ కేకేశారు, మీరు వెయ్యలేదు. గురక. అమ్మగారు చూసి ‘కేతిగాడే తప్పాడు, పుయ్యవే’ అన్నారు. పూశాను.”

మా ఊళ్ళో ఆ పండగకి అందరూ చీటీలు తీస్తారు. ఒకడికి రాజు వస్తాడు, ఒకడికి వైద్యుడు, ఒకడికి వంటవాడు. చీటీని టోపీకి గుచ్చుకుని ఆ పూటంతా ఆ వేషంలోనే ఉండాలి. రాజు గ్లాసెత్తినప్పుడల్లా “రాజు తాగుతున్నాడు” అని అందరూ ఒక్కసారిగా కేకెయ్యాలి. కేకెయ్యనివాడి మొహానికి కాల్చిన బెండుతో మసి పూయడం అందర్నీ నవ్వించే కేతిగాడి పని. కేతిగాడే తప్పితే ఇంట్లో అందరికన్నా కిందివాళ్ళు పూస్తారు. ఆ ఏడు రైనియర్ గారికి రాజు వచ్చాడు. ఎవర్ట్‌కి ద్వారపాలకుడు. కేతిగాడి చీటీ నాది.

“మరి ఈ మూడు రోజులూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు?”

ఫెన్నా తల వంచుకుంది. సిగ్గుపడవలసింది నేను, ఆ పిల్ల సిగ్గుపడింది. “మీ పరువు పోతుందని. పెద్ద ఉద్యోగం కదా మీది. నిద్రపోయానని మీరే చెప్పుకుంటారులే అనుకున్నా.”

మసి సంగతి నాకు తెలియనిది కాదు. మర్నాడు పొద్దున్నే అద్దంలో చూసుకున్నాను. సబ్బుతో రుద్దుతుంటేనే ఎవర్ట్ తలుపు తట్టాడు. కొమ్ము పోయిందన్నాడు. “తొమ్మిదింటికి ఆ పిల్ల వెనకగదిలోకి పోవడం నువ్వూ చూశావుగా” అన్నాడు. అతని కళ్ళు నా చెవి దగ్గర మిగిలిన నల్లటి మరక మీదే ఉన్నాయి. మూతికి మసి ఉందంటే కేక తప్పానని. కేక తప్పానంటే నిద్రపోయానని. పైగా ఆ రాత్రి అలమర తాళంచెవి నా నడుముకే ఉంది. ఎనిమిదిన్నరకి కొమ్ముతో రెండోసారి తాగి, దాన్ని లోపల పెట్టించి, “ఈ పూటకి మన కోశాధికారి కేతిగాడే” అని రైనియర్ గారే నవ్వుతూ ఆ చెవిని నా నడుంతాడుకి కట్టారు.

“చూశాను” అన్నాను.

“తాళంచెవి నడుముకి గుచ్చుకుంటోందని బల్ల మీద పెట్టావు కదూ. దాన్నే తీసుకుని ఉంటుంది” అన్నాడు.

“అవును, పెట్టాను” అన్నాను. ఒక అబద్ధానికి ఇంకోటి తోడు కావాలి కదా. ఆ రోజే రెండువేళ్ళు పైకెత్తి ప్రమాణం చేశాను.

ఎనిమిదింపావుకి రైనియర్ గారింటికి వెళ్ళాను. ఆయన లేరు. ఆయన భార్య బార్బరా గారు తలుపు తీశారు.

“మళ్ళీ ఏంటి లాంబర్టూ? పిల్లని పట్టుకుపోయారు, అట్లపెనం కూడా నేనే తోముకుంటున్నా.”

“ఒక్కసారి నా కుర్చీలో కూర్చోవాలమ్మా.”

“కూర్చో. ఈసారి మెలకువగా కూర్చో.”

ఆమె మామూలుగానే అంది. నాకు చెంపదెబ్బ తగిలినట్టయింది.

కుర్చీలు పండగనాడున్నట్టే ఉన్నాయి. నాది కిటికీ పక్కది. కూర్చుని వెనకగది వైపు చూశాను. తలుపు కనిపించలేదు. మధ్యలో ఓకుచెక్క బట్టల బీరువా నిండుగర్భిణిలా ముందుకి పొడుచుకొచ్చి ఉంది. మెడ సాచాను. నడుం వంచాను. బీరువా తప్ప మరేం లేదు. మెలకువగా ఉన్నా సరే, ఆ కుర్చీలోంచి ఆ తలుపులోకి వెళ్ళేవాళ్ళని చూడడం మనిషన్నవాడి వల్ల కాదు. నా సాక్ష్యాన్ని పరీక్షించడానికి ఎవడికైనా పట్టేది ఈ పాటి సమయమే. ఎవరూ పరీక్షించలేదు, ఎందుకంటే చెప్పింది నేను.

లేచి వెళ్ళి చూశాను. అలమర తాళం చెక్కు చెదరలేదు, గీత కూడా లేదు. తెరిచింది అసలు తాళంచెవితోనే. వెనకగదికి పోవాలంటే నడవలోంచే పోవాలి. నడవ మొదట్లో మూడుకాళ్ళ పీట ఉంది.

“ఈ పీట?”

“ద్వారపాలకుడిది. మీ ఎవర్ట్ కూర్చున్నాడుగా.”

“తొమ్మిదింటికి కూర్చునే ఉన్నాడా?”

“నాకేం తెలుసు? అప్పుడు నేను నిన్ను చూసి నవ్వుతున్నా. కళ్ళలో నీళ్ళు.”

“నాకు మసి పూసిందెవరమ్మా?”

ఆమె చేతిలో పెనం ఆగిపోయింది. “ఫెన్నాయే అనుకుంటా. నేనే పుయ్యమన్నట్టు గుర్తు.”

“అది సరిగ్గా చిన్నగంటలప్పుడే. అదే సమయానికి ఆ పిల్ల వెనకగదిలో ఉందని కదా నేరం. ఈ మాట మీరెందుకు చెప్పలేదు?”

“నువ్వు చూశానని ప్రమాణం చేశావుగా. ఆఫీసరు అబద్ధమాడతాడా అని నేను నా బుర్రనే అనుమానించుకున్నా. బీరు మేమూ తాగాం కదా మరి.” నా మొహంలోకి చూడకుండా అంది. “ఆ అన్నెకెని అడుగు. ఆవిడ తాగలేదు. మా ఆయన సంఘం హాలుకి పండగ బొమ్మ వెయ్యమన్నాడని, పొద్దుపోయేదాకా మూల కూర్చుని గీస్తూనే ఉంది.”

తొమ్మిదిన్నరకి అన్నెకె మెట్లెక్కాను. ఆమెకి యాభై దాటాయి. మొగుడు పోయాక అతని కుంచెలూ, చిత్రకారుల సంఘంలో చోటూ నిలబెట్టుకున్న మనిషి. పెళ్ళిళ్ళు, పురుడు విందులు, సంతలో తాగుబోతుల చిందులు, ఇవే ఆమె బొమ్మలు. ఊళ్ళో సగం ఇళ్ళ గోడల మీద ఆమె నవ్వించిన మొహాలే.

“రావయ్యా కేతిగాడా” అంది తల తిప్పకుండానే. “నీ కోసమే చూస్తున్నా. నువ్వు రాకపోతే పదకొండింటికి నేనే కచేరికి వచ్చేదాన్ని.”

“నిన్ననే రావచ్చుగా?”

“ఆ పిల్ల కాల్చిన బెండుతో నీ ముందు ఎప్పుడు నిలబడిందో నాకు తెలుసు గానీ, నువ్వు ఏ సమయానికి చూశానని చెప్పావో నాకు తెలియదు. ఇందాక పాలమనిషి చెబితే తెలిసింది. అప్పటి నుంచీ వేలు కొరుక్కుంటున్నా.” నీలికాగితాల కట్ట తీసి ఒకటి నా ముందు పెట్టింది. “చూసుకో. జనం నా బొమ్మల్లో పక్కింటివాణ్ణి చూసి నవ్వుతారు. తమని తాము చూసుకున్నవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు.”

చూసుకున్నాను.

కుర్చీలో ఒక మనిషి వెల్లకిలా జారిపోయి ఉన్నాడు. నోరు తెరుచుకుని ఉంది. చొంగ కూడా గీసింది మహాతల్లి. గంటల టోపీ ఒక కన్ను మీదికి వాలింది. ఫెన్నా అతని మీదికి వంగి, కుడిచేతి బెండుతో పైపెదవికి మసి పూస్తోంది. ఎడమచేతిలో అట్లపెనం. చుట్టూ అన్ని నోళ్ళూ నవ్వుతో తెరుచుకుని ఉన్నాయి. కాగితం మూలన ఆమె చేతిరాత: ‘మూడోసారి. చిన్నగంటలు.’

“ఎప్పటి బొమ్మో అప్పుడే రాసుకుంటా. లేకపోతే ఎవరి నవ్వు ఎవరి దగ్గరికి పోతుందో తెలియదు” అంది.

సిగ్గుతో చెవులు కాలిపోతున్నా, కళ్ళు మాత్రం వృత్తి మానలేదు. మనిషి నడుంతాడు చూశాను. తాళంచెవి కట్టిన ముడి ఉంది, ముడి కింద తాడు కొస వేలాడుతోంది. చెవి లేదు.

“ఈ కొసన ఏమైనా ఉండి గీయడం మరిచావా?”

“ఉన్నది మరవను, లేనిది గీయను. రెండోసారి తాగినప్పటి కాగితంలో చెవి ఉంది, చూడు. మూడోదాంట్లో లేదు.”

అంటే ఎనిమిదిన్నరకీ తొమ్మిదికీ మధ్య నేను నిద్రలో ఉండగా ఎవరో కోసుకుపోయారు. ఫెన్నా రెండుచేతులూ నిండి ఉన్నాయి. నా చూపు నడవ వైపు జరిగింది. మూడుకాళ్ళ పీట. పీట మీద టోపీ, టోపీకి చీటీ. మనిషి లేడు.

“ఎవర్ట్ ఎక్కడ?”

“నా కాగితంలోకి రాలేదు మరి.”

“నీ కాగితంలోకి నేనే వస్తున్నా అన్నెకె” అన్నాడు వెనక నుంచి ఎవర్ట్. మెట్లెక్కిన చప్పుడే కాలేదు.

నవ్వుతూ వచ్చాడు. కొత్వాలు తరువాతి పదవి ఖాళీగా ఉందని, దానికి మేమిద్దరమే పోటీ అని ఊరందరికీ తెలుసు. ఇద్దరం ఒకే బల్ల మీద అన్నం తిన్నవాళ్ళమే. ఎప్పుడు ఎవడి విస్తట్లోకి ఎవడు చూస్తాడా అన్నట్టే తిన్నాం.

“విచారణ పూట సాక్షివి బొమ్మలు చూసుకుంటూ కూర్చున్నావేంటి లాంబర్ట్ గారూ?”

“తొమ్మిదింటికి నువ్వెక్కడున్నావు?”

“పీట మీద.”

“పీట మీద నీ టోపీ ఉంది.”

“టోపీ ఉన్నచోట తల ఉండదా?”

“నా టోపీ కింద లేకపోయింది ఆ రోజు. నీ సంగతి అడుగుతున్నా.”

అతను కాగితం వైపు వంగాడు. చూడడానికనుకున్నాను. తీసుకున్నాడు, రెండంగల్లో కుంపటి దగ్గరికి చేరాడు, నిప్పుల మీద పడేశాడు. నేను చెయ్యి పెట్టేసరికి నీలికాగితం నల్లబడి ముడుచుకుపోయింది. వేళ్ళు కాలాయి, మసి మాత్రం దక్కింది.

“పిల్లకాయల గీతలు” అన్నాడు ఎవర్ట్ చేతులు దులుపుకుంటూ. “అసలు బొమ్మ అదుగో. చూసుకో, ఎక్కడున్నానో.”

కిటికీ పక్కన నిలువుచట్రం మీద కాన్వాసు. అదే విందు, అదే క్షణం. మట్టిరంగుతో అడుగుపూత మొత్తం అయిపోయింది, కొన్ని మొహాలకి ఇప్పుడిప్పుడే రంగులు వస్తున్నాయి. నేనున్నాను, నా చొంగ ఉంది, నా మసి ఉంది. పీట మీద ఎవర్ట్ కూడా ఉన్నాడు. నిటారుగా కూర్చుని, చేతిలో గ్లాసు, నోరు తెరిచి కేకేస్తూ. విందు మొత్తానికి మర్యాదగా కనిపిస్తున్నవాడు అతనొక్కడే.

నేను అన్నెకె వైపు చూశాను. ఆమె ఎవర్ట్ వైపు చూస్తోంది. పెదవులు బిగించి ఉంది.

బొటనవేలు చాపి కాన్వాసులో నా గడ్డం తాకాను. ఆరిపోయింది. ఫెన్నా పెనం తాకాను. ఆరిపోయింది. ఎవర్ట్ ముక్కు తాకాను. వేలికి రంగు అంటింది.

“ఇది ఎప్పుడు వేశావు?”

“నిన్న పొద్దున” అంది అన్నెకె. “ఈయనే వచ్చి, ‘నన్ను పీట మీద కూర్చోబెట్టు, రైనియర్ గారి మాట’ అన్నాడు. బొమ్మ ఆయనది, నాకెందుకు అనుకున్నా. ఈయన్ని కొత్వాలు కింద ఆఫీసరని చూశా గానీ, పీట ఖాళీగా ఉండడమే నేరానికి ఆధారమని నాకేం తెలుసు?” గుడ్డ తీసి నూనెలో ముంచింది. “అడుగున మట్టిరంగు రెండు రోజుల్లో ఆరుతుందయ్యా. పైది వారమైనా ఆరదు.”

ఒక్క తుడుపు తుడిచింది. ఎవర్ట్ తల పోయింది. ఇంకో తుడుపుకి భుజాలు, గ్లాసు పోయాయి. అడుగు నుంచి పీట పైకొచ్చింది, పీట మీద టోపీ, టోపీకి చీటీ.

ఎవర్ట్ నవ్వు పూర్తిగా పోలేదు. ఒక అడుగు ముందుకేశాడు. అన్నెకె రంగు గీకే కత్తి చేతిలోకి తీసుకుని కాన్వాసుకి అడ్డంగా నిలబడింది. “ఇది సంఘం సొత్తు బాబూ. చెయ్యి పడిందా, ఊళ్ళో బీరు కాచే ప్రతివాడికీ జవాబు చెప్పుకోవాలి.”

అతను ఆగాడు. నా వైపు తిరిగి, సలహా చెప్పేవాడిలా నెమ్మదిగా మాట్లాడాడు.

“పట్టుకుపో లాంబర్ట్. కానీ నా ఖాళీ పీట చూపించాలంటే నీ మూతి కూడా చూపించాలి. రెండూ ఒకే గుడ్డ మీదున్నాయి. చూశానని ప్రమాణం చేసినవాడు గురక పెడుతున్నాడని పెద్దలు చూస్తారు. పాతకాలంలో అయితే ఆ రెండువేళ్ళూ నరికేవాళ్ళు. ఇప్పుడు కొలువు తీసేస్తారు, చచ్చేదాకా నీ మాట సాక్ష్యానికి పనికిరాదు. అదీగాక, ఆ పిల్ల దొంగ కాకపోతే తాళంచెవి ఎవరి నడుముకుంది? ఆలోచించుకో. పనిమనిషి పిల్ల, ఊరు కాని ఊరు నుంచి వచ్చింది. ఇంకో ఊరు పోతుంది.”

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఈసారి చప్పుడు చేసుకుంటూ వెళ్ళాడు.

పదకొండు కొట్టింది. అన్నెకె గుడ్డ పిండుతూ నన్నే చూస్తోంది.

“ఇంకో గంట ఉంది” అంది. “నీ మొహానికి గుబురుగడ్డం పెట్టి ముక్కు కొంచెం మార్చనా? గురక పెట్టేవాడు ఎవడో అవుతాడు. పీట ఖాళీగానే ఉంటుంది.”

సరే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాచుకోవడం దేనికి, నోరు కూడా తెరిచాను. కానీ ఆ మొహం నాది కాకపోతే ఫెన్నా చేతి మసి ఎవరికి పూస్తున్నట్టు? చెవి లేని ఆ తాడు ఎవరి నడుముది? బొమ్మ మొత్తం ఆ ఒక్క మూతి మీదే నిలబడి ఉంది. పైగా అడుసు తొక్కింది నేను. కాలు కడుక్కోవడానికి ఆ పిల్ల నీళ్ళు మోయాలా?

“వద్దు” అన్నాను. “కప్పడానికి ఓ గుడ్డ ఇయ్యి. పట్టుకుపోతా.”

“గుడ్డ కప్పితే రంగు అంటుకుపోతుంది. నీ వైపు తిప్పుకుంటే కోటుకంటి రంగేసిన మొహాలన్నీ చెరిగిపోతాయి. బయటికి తిప్పే మొయ్యాలి.”

అలాగే మోశాను. అన్నెకె వెనకాల వచ్చింది. శనివారం సంత. చేపలవాళ్ళు, జున్నువాళ్ళు, ఊరంతా అక్కడే ఉంది. ఇంత బొమ్మ రెండుచేతులా పట్టుకుంటే కింద నా కాళ్ళు, పైన నా కళ్ళు, మధ్యలో నా సిగ్గు. మొదట ఒక చేపలమ్మ చూసింది.

“ఒసే, ఇటు చూడండే. ఆఫీసరు గారు ఆఫీసరు గార్ని మోసుకెళ్తున్నాడు.”

“చొంగ చూడు, నిజంగా కారుతున్నట్టే ఉంది.”

“రాజు తాగుతున్నాడు” అని ఎవడో కేకేశాడు. నలుగురు అందుకున్నారు. జున్నుబండ్ల దగ్గరికి వచ్చేసరికి సంత మొత్తం అదే కేక. తల వంచుకుందామంటే చట్రం అడ్డం. ఆ నవ్వుల్లో నన్ను తిట్టిన మాట ఒక్కటీ లేదు. తిడితే బాగుండేది.

కచేరి మెట్లెక్కేసరికి పన్నెండుకి పావుగంట తక్కువ. లోపల ముసలి గుమాస్తా కళ్ళజోడు సర్దుకుంటున్నాడు. ఎవర్ట్ అప్పటికే గోడకానుకుని నిలబడి ఉన్నాడు. రెండో గుమ్మం దగ్గర బంట్రోతు పక్కన ఫెన్నా. చేతులు కట్టేసి ఉన్నాయి. బొమ్మ చూసింది. చూసి కళ్ళు తిప్పుకుంది, నేను బట్టల్లేకుండా వచ్చినట్టు.

“లాంబర్ట్ గారూ” అన్నాడు గుమాస్తా, “మీ మీద ఇప్పుడే ఫిర్యాదు రాసిచ్చారు ఎవర్ట్ గారు. మీరు సాక్ష్యం వెనక్కి తీసుకోబోతున్నారని, అలా తీసుకుంటే కొమ్ము తీసింది మీరేనని, తాళంచెవి మీ నడుముకే ఉందని. నిజమేనా?”

“తాళంచెవి ఉన్నది నిజమే. నా సాక్ష్యం కూడా వెనక్కి తీసుకుంటున్నాను. అది అబద్ధం. ఆ సమయానికి నేను నిద్రపోతున్నాను.”

“దానికి రుజువు?”

కాన్వాసుని అతని బల్లకి ఆనించి నిలబెట్టాను. గుమాస్తా దగ్గరికి వంగాడు. చాలాసేపు చూశాడు. అతని భుజాలు కదిలాయి, నవ్వు ఆపుకున్నాడు.

“ఇందులో మీరు...”

“మసి పూయించుకుంటున్నవాణ్ణి.”

“మరి మీ నడుంతాడుకి చెవి లేదే?”

“లేదు. అప్పటికే కోసుకుపోయారు. పూస్తున్న పిల్ల చేతులు చూడండి. రెండూ నిండి ఉన్నాయి.”

“ఇది గీసిన మనిషి?”

“నేనే” అంది అన్నెకె గుమ్మంలోంచి ఆయాసపడుతూ. “కళ్ళతో చూసి గీశా. రెండువేళ్ళు ఎత్తమంటారా? ఇతనివి తాజాగా ఎత్తినవే, నావి ఇంకా వాడలేదు.”

ముసలాయన బొమ్మ మీదికి మళ్ళీ వంగాడు. అతని వేలు విందులో ఒక్కో మొహం మీదుగా సాగింది. రాజు, వైద్యుడు, వంటవాడు. నూనెతో ఇంకా తళతళలాడుతున్న చోట ఆగింది. టోపీకున్న చీటీ మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

“ద్వారపాలకుడు” అన్నాడు. తల ఎత్తాడు. “ఈ టోపీ కింద ఉండాల్సిన మనిషి ఏడీ?”

నేను గోడ వైపు తిరిగాను. అక్కడ ఎవర్ట్ లేడు. తెరిచి ఉన్న వెనక తలుపు చలిగాలికి కొట్టుకుంటోంది. పక్కనున్న బల్ల మీద అతని టోపీ మాత్రం ఉంది.